కోల్డ్ రూమ్‌లో పాల ట్రే

మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభై. లిఫ్ట్ తలుపులు మూసుకుపోతుంటే వీల్‌చెయిర్‌లో ఉన్న ఆవిడ కాలు అడ్డం పెట్టి ఆపింది.

"రా అమ్మాయ్, చోటుంది. ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపాను. పరిగెత్తుకొచ్చేవాళ్ళని వదిలేసి వెళ్ళడం నావల్ల కాదు."

డిటెక్టివ్ ఇదాలినా మెడీరోస్ లోపలికొచ్చి థాంక్స్ చెప్పింది. ఆవిడ చేతికున్న ఆసుపత్రి పట్టీ మీద ఆర్లీన్ గోషియే అని ఉంది. అరవై దాటిన మనిషి. ఒళ్ళో సగం అల్లిన పసుప్పచ్చ మేజోడు. ఆవిడ చూపు ఇదాలినా నడుముకున్న బ్యాడ్జీ మీద పడింది.

"ఆ బ్రెజిల్ పిల్ల కోసమా?"

"అవునండీ. లీవియా మీకు తెలుసా?"

"తెలియకేం! పోయిన గురువారం నా గదికొచ్చి గంటసేపు కూర్చుంది. క్యాన్సర్ నా లివర్‌లో ఉంటే ఆ పిల్ల గుండె గురించి అడుగుతుంది. దడ వస్తుందా, మెట్లెక్కితే ఆయాసమా అని. నలభై మంది పిల్లల గోల తట్టుకున్న గుండె తల్లీ, దానికేం కాదు అన్నాను. నవ్వలేదు." ఆర్లీన్ అల్లిక సూదులు ఆపింది. "నవ్వించలేకపోయానే అని ఇప్పటికీ మనసు పీకుతోంది."

"కొత్త మందు మీకు ఇవాళేనా?"

"రెండు గంటలకి. ఎలకలయ్యాక మనుషుల్లో నేనే మొదటిదాన్ని. దేనికైనా నన్ను మొదట పిలవడం ఇదే, చూడు."

నాలుగో అంతస్తులో ఆవిడ వార్డు వైపు, ఇదాలినా ల్యాబు వైపు విడిపోయారు.

ఇదాలినా ఎనిమిదింటికే వార్డు డాక్టరును కలిసింది. ఆయన మర్యాదగానే విన్నాడు. "అనుమానం మీద మందు ఆపలేనండీ. ఆవిడకి ఇంకో మందు మిగల్లేదు, తెలిసే సంతకం పెట్టింది. ఒక్క రుజువు తెచ్చి నా బల్ల మీద పెట్టండి, ఆ నిమిషమే ఆపేస్తా" అన్నాడు. రుజువుకి ఇంక నాలుగు గంటల ఇరవై నిమిషాలు మాత్రమే టైముంది.

చచ్చిపోయింది డాక్టర్ లీవియా బ్రాగా, ముప్ఫై మూడేళ్ళ పరిశోధకురాలు. వూస్టర్‌లోని బెల్‌క్నాప్ క్యాన్సర్ సంస్థలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఆదివారం సాయంత్రం కోల్డ్ రూమ్‌లో పడిపోయింది, సోమవారం ఏడింటికి టెక్నీషియన్ తలుపు తెరిచేదాకా ఎవరికీ తెలియదు. లోపల నాలుగు డ్రై ఐస్ పెట్టెలు మూతలు తీసి ఉన్నాయి. డ్రై ఐస్ కరిగితే నీళ్ళు కావు, విషవాయువు అవుతుంది. మూసిన గదిలో తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. ఆ ల్యాబులో చేరిన మొదటి రోజే అందరికీ చెప్పే మాట అది. ఆరేళ్ళున్న మనిషి దాన్ని మరిచిపోయిందంటే ఇదాలినాకి నమ్మకం కుదరలేదు.

సోమవారం ఇదాలినాయే బ్రెజిల్‌లో ఉన్న లీవియా తల్లికి ఫోన్ చేసింది. ఇదాలినా పోర్చుగీసు అజోర్స్ దీవుల యాసలో ఉంటుంది, అయినా తల్లికి అర్థమైంది. ఏడుపు మధ్యలో ఆవిడ అన్నది ఒక్కటే. "దానికి చలి పడదమ్మా. ఫ్రిజ్ ముందు కూడా నిలబడదు. ఆ గదిలో అంతసేపు ఎందుకుంటుంది?" ఆ ప్రశ్న రాత్రంతా ఇదాలినాను నిద్రపోనివ్వలేదు.

కోల్డ్ రూమ్ తలుపుకి వేసిన పోలీసు టేపు ముందు వాల్ట్ లిండ్‌క్విస్ట్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సంస్థ సెక్యూరిటీ డైరెక్టర్. పదకొండేళ్ళ కిందట పోలీసు శాఖలో ఇదాలినాకి పని నేర్పింది ఇతనే. రిటైరయ్యి ఇక్కడ చేరాక సూటు మారింది, గొంతు మాత్రం అదే.

"ఇదా, పన్నెండింటికి ఈ సీలు తీసేయాలి. లోపల పద్దెనిమిది ప్రాజెక్టుల శాంపిళ్ళున్నాయి."

"తీస్తా గురువుగారూ. ముందు లీవియా నోట్‌బుక్ ఇవ్వు."

"అది సంస్థ ఆస్తి. నా సేఫ్‌లో భద్రంగా ఉంది. వారంటు తెచ్చుకో."

"వారంటు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మందు రెండింటికి ఇస్తున్నారు."

"మందుకీ చావుకీ ఏం సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడేయకు." వాల్ట్ వేళ్ళు మడిచాడు. "చూడు. ఆదివారం. నాలుగో అంతస్తులో ఉన్నది ఇద్దరే, లీవియా, ల్యాబు అధిపతి డాక్టర్ హాల్‌స్టెడ్. ఆయన ఐదూ ఇరవైకి కార్డు గీకి బయటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ పిల్ల ఒక్కతే డ్రై ఐస్ తెచ్చుకుంది. ఆరూ ఐదుకి ట్రే పెట్టుకుంది. ట్రే మీద తన పేరూ టైమూ ఉంది. అలిసిపోయి మూతలు పెట్టడం మరిచింది. పడిపోయింది. దీన్ని ప్రమాదం అంటారని నీకు నేనే నేర్పాను."

"మూడు తప్పులు వరసగా చేస్తే అది ప్రమాదం కాదని కూడా నువ్వే నేర్పావు" అంది ఇదాలినా, టేపు తీస్తూ.

వాల్ట్‌ని బయటే ఉంచి, టెక్నీషియన్ మిర్లాండ్ డెసీర్‌ను పిలిచింది. యాభై ఐదేళ్ళ హైతీ మనిషి, ఆ ల్యాబులో ఇరవై రెండేళ్ళ సర్వీసు. సోమవారం శవాన్ని చూసింది ఆమే. కళ్ళు ఇంకా వాచి ఉన్నాయి.

"లోపలికి రాగలరా?"

"రావాలిగా మేడమ్. నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు?"

గది పదడుగుల పొడుగుంటుంది. రెండు వైపులా అరలు, పైన ఫ్యాను. మూలన షేకర్ మీద ఒక ప్లాస్టిక్ ట్రే ఆదివారం నుంచి ఆగకుండా మెల్లగా ఊగుతూనే ఉంది. దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మనిషి పోయినా ఆమె పని నడుస్తూనే ఉంది.

"ఇదేంటో నాకు అర్థమయ్యేలా చెప్పండి. మా అమ్మ ఫాల్ రివర్ మిల్లులో నూలు కండెలు చుట్టేది. ఆ లెక్కలో చెప్పినా ఫర్వాలేదు."

మిర్లాండ్ మొదటిసారి కాస్త తేరుకుంది. "అయితే సులువే. మన ఒంట్లో ప్రతి కణంలో డీఎన్ఏ దారం కండెలకి చుట్టి ఉంటుంది. ఏ కండె విప్పాలో, ఏది విప్పకూడదో చెప్పడానికి కండెకి చిన్న చిన్న గుర్తులు కడతారన్నమాట. దారం మారదు, గుర్తు మారుతుంది. క్యాన్సర్ చేసే దొంగపని ఏంటంటే, మనల్ని కాపాడే కండెలకి 'విప్పకు' అనే గుర్తు కట్టేస్తుంది. డాక్టర్ హాల్‌స్టెడ్ మందు, బీ-41, ఆ గుర్తును ఊడదీస్తుంది. గొప్ప మందు మేడమ్. ఎలకల్లో లివర్ గడ్డలు కరిగిపోవడం నా కళ్ళతో చూశాను."

"మరి లీవియా గొడవేంటి?"

"గుండె. ఆ మందు పడ్డాక గుండె కణాల్లో ఇంకో ప్రోటీన్‌కి వేరే గుర్తు అంటుకుంటోంది. ఫాస్ఫేట్ గుర్తు. అది అంటుకుంటే గుండె లయ తప్పుతుంది. శుక్రవారం ఆ గీతను ఆయనకి చూపించింది. 'మందు ఆపండి, నెల రోజులివ్వండి' అని బతిమాలింది. ఆయన తలుపు వేసుకున్నాడు."

"ఆ గుర్తును ఎలా చూస్తారు?"

"ప్రోటీన్లను ఒక పల్చటి పొర మీదకి ఎక్కిస్తాం. ఆ గుర్తును మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పోస్తాం. గుర్తుంటే నల్ల గీత వస్తుంది. బ్లాట్ అంటాం. యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటకుండా పొరను ముందు ఏదైనా ప్రోటీన్‌లో నానబెడతాం. అదే ఈ ట్రే…"

మిర్లాండ్ ట్రే మీదకి వంగింది. మూత మీద టేపు ముక్క, దాని మీద అచ్చు అక్షరాలు: ఎల్.బి., ఫాస్ఫో, 6:05. లోపల ద్రవం చిక్కగా, తెల్లగా ఉంది.

"ఇవి పాలు" అంది.

"పాలంటే తాగే పాలా?"

"పాలపొడి. కండె గుర్తులు చూసే పనికి నేనూ అవే కలుపుతాను, చవక. కానీ ఫాస్ఫేట్ పనికి కలపం. పాలలో ఉండే ప్రోటీన్‌కి ఒళ్ళంతా ఫాస్ఫేటే మేడమ్. ఫాస్ఫేట్‌ను వెతికే యాంటీబాడీని పాలలో పడేస్తే అది పాలనే పట్టుకుని కూర్చుంటుంది. పొరంతా మసి. ఈ సంగతి తెలియక లీవియా తన మొదటి ఏడాది రెండు నెలలు పోగొట్టుకుంది. ఆ తర్వాత తన డబ్బా తను తెచ్చుకుంది. రండి."

బయట లీవియా బల్ల మీద అర. ఆవు సీరం నుంచి తీసిన ప్రోటీన్ పొడి డబ్బా. దాని మీద ఊదారంగు టేపు: 'ఫాస్ఫో పనికి ఇదే. పాలు పోసినవాళ్ళ వేళ్ళు విరుస్తా. ప్రేమతో, లీవియా.' సీసాలు, పెట్టెలు, పెన్ను, ఆమెవన్నీ ఊదారంగు టేపే. కోల్డ్ రూమ్‌లో ట్రే మీదున్న టేపు తెల్లది.

ఇదాలినా గొంతు తగ్గించింది. "ఈ ల్యాబులో బ్లాట్ చేయడం ఎవరెవరికి వచ్చు?"

"ఇప్పుడు చేసేది లీవియా, నేనూ. ఆదివారం నేను బాస్టన్‌లో మా చర్చిలో ఉన్నాను, మూడొందల మంది చూశారు." మిర్లాండ్ తలుపు వైపు చూసింది. "నాకు నేర్పిన మనిషి ఒకరున్నారు. పన్నెండేళ్ళుగా బల్ల ముట్టలేదు. ఆ రోజుల్లో దేనికైనా పాలే."

అది హాల్‌స్టెడ్ అని ఇంక చెప్పాల్సిన పని కూడా లేదు.

"తెల్లగా ఉన్నవన్నీ పాలేనా?" వెనక నుంచి వాల్ట్ గొంతు. ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టైము పదీ నలభై ఐదు.

"పాలే. పరీక్షకి పంపుతున్నా. ఈ ట్రే పెట్టింది లీవియా కాదు వాల్ట్. ఆమె బతికే ఉందని చూపించడానికి ఎవరో పెట్టారు."

"ఆదివారం సాయంత్రం, అలసట, డబ్బా అయిపోయి ఉంటుంది, చేతికందింది పోసింది."

"డబ్బా ముప్పాతిక నిండుగా ఉంది."

"ఇదా, ఒక్క గిన్నెడు పాలు పట్టుకుని దేశంలో పేరున్న డాక్టరు మీదకి వెళ్తావా? కోర్టులో వకీలు నిన్ను మజ్జిగలా చిలుకుతాడు. సరే, ఇది చూడు." తలుపు పక్కనున్న రికార్డరు మీద వేలితో కొట్టాడు. లోపలి ఉష్ణోగ్రతను ఎర్ర కలంతో కాగితపు చుట్ట మీద గీసే పాత యంత్రం. గంటలూ నిమిషాలూ అంచున పడతాయి. తలుపు తెరిస్తే బయటి వేడి తగిలి గీత పైకి లేస్తుంది. ఆదివారం సాయంత్రం మూడు లేచి ఉన్నాయి. నాలుగూ ఇరవై ఐదు. నాలుగూ నలభై. ఐదూ ఐదు.

"ట్రే మీద ఆరూ ఐదు, ఇక్కడ ఐదూ ఐదు" అంది ఇదాలినా.

"మొన్న ఆదివారం తెల్లారకముందే వేసవి టైము కోసం దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పింది, మరిచావా? ఈ ముసలి యంత్రాన్ని ఎవరూ తిప్పరు. ప్రతి మార్చిలో ఇదే తంతు. గంట కలుపు. ఐదూ ఇరవై ఐదుకి డ్రై ఐస్ వచ్చింది. ఆరూ ఐదుకి ట్రే వచ్చింది. హాల్‌స్టెడ్ ఐదూ ఇరవైకే వెళ్ళిపోయాడు. మూడూ ఆయన పోయాకే. ఇంకేం కావాలి?"

 లెక్క సరిగ్గా కుదిరింది. వాల్ట్ ఆమె భుజం తట్టాడు. ఆ తట్టడంలో పాత ఆప్యాయత ఉంది, అందుకే మరీ మండింది. "పన్నెండింటికి సీలు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ కాగితం ముందు నిలబడింది. మొదటి రెండు లేవడాలూ సూదుల్లా సన్నగా ఉన్నాయి. తలుపు తెరిచి వెంటనే మూశారు. మూడోది గుట్టలా వెడల్పుగా ఉంది. నాలుగైదు నిమిషాలు తలుపు బార్లా తీసి ఉంచారు.

"మిర్లాండ్, మీరైతే ఎందుకు అంతసేపు తెరిచి పెడతారు?"

"పెట్టను. చలి పోతుంది."

"లోపల గాలి మంచిది కాదని తెలిస్తే?"

మిర్లాండ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల విషవాయువు ఉందని తెలిసినవాడే గాలి పోనిచ్చి అడుగుపెడతాడు. లీవియాకి అది తెలిసుంటే బతికి ఉండేది. అయినా వాల్ట్ గంట లెక్క అలాగే నిలబడి ఉంది. ఆ గంట నిజమైతే ఇదంతా లీవియా తలకే చుట్టుకుంటుంది.

"ఈ యంత్రాన్ని నిజంగానే ఎవరూ తిప్పరా?"

"ఎవరన్నారు?" మిర్లాండ్ గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "పోయినేడాది మార్చిలో ఈ గంట తేడా వల్ల లీవియా లెక్క తప్పి మూడు రోజుల పని పారబోసింది. ఇక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఇకనుంచి నేను చూసుకుంటాలే అని మాటిచ్చాను. ఆదివారం నేను రాను కదా, అందుకని శుక్రవారమే గంట ముందుకు తిప్పేశాను. ఇందులో చెయ్యి పెట్టినప్పుడల్లా కాగితం మీద రాస్తాను. ఎవరూ చదవరు, అంతే."

"ఎక్కడ రాశారు?"

"చుట్టలో ఉంటుంది. లోపలికి చుట్టుకుపోయింది."

ఇదాలినా గ్లౌజులు మార్చుకుని చుట్టను ఊడదీసింది. వాళ్ళమ్మ కండె విప్పినట్టు, మెల్లగా, చిరగకుండా. ఆదివారం. శనివారం. శుక్రవారం మధ్యాహ్నం దగ్గర అంచున నీలం పెన్నుతో చిన్న రాత కనిపించింది. 'ఆదివారం గంట మార్పు ఇప్పుడే చేశాను. ఎం. డెసీర్.' దాని పక్కనే ఎర్ర గీత ఒక్కసారిగా గంట ముందుకు గెంతి ఉంది.

అంటే ఐదూ ఐదు నిజంగా ఐదూ ఐదే. డ్రై ఐస్ వచ్చింది నాలుగూ ఇరవై ఐదుకి. ఆ సమయానికి లీవియా ఎలకల గదిలో ఉంది, నాలుగూ ముప్ఫై ఎనిమిదికి బయటికొచ్చినట్టు ఆమె కార్డు చెబుతోంది. రెండు నిమిషాల తర్వాత కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుంది. ఆరూ ఐదుకి ఆ తలుపు అసలు తెరుచుకోనే లేదు. ఆ సాయంత్రం ఈ అంతస్తులో ఉన్న రెండో మనిషి ఒక్కడే.

పదకొండూ నలభై ఐదు. ఇదాలినా ఆ కాగితాన్ని ఫోటో తీసి, సంచిలో పెట్టి, మిర్లాండ్ చేతులు రెండూ పట్టుకుంది. "మీరు నిలబెట్టుకున్న మాట వృథా పోలేదు" అంది. కాగితాన్ని నేరుగా వార్డుకి తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది. కానీ దారిలోనే హాల్‌స్టెడ్ గది, రెండింటికి ఇంకా చాలా టైముంది అనుకుంది. ఆ అనుకోవడమే తన తప్పని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

డాక్టర్ రోడరిక్ హాల్‌స్టెడ్ అరవై ఏళ్ళ సన్నటి మనిషి, మాట నెమ్మది. కిటికీ దగ్గర వాల్ట్ నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి డిటెక్టివ్. పాల గురించేగా?"

ఇదాలినా కూర్చోలేదు. పాల మాట తెలిసింది ముగ్గురికే. తనకి, మిర్లాండ్‌కి, ఇంకొకరికి. వాల్ట్ వైపు చూసింది. అతను కిటికీలోంచి చూపు తిప్పలేదు. అప్పుడు బల్ల మీద కనిపించింది, ఊదారంగు టేపు అంటించిన నోట్‌బుక్.

"నా దగ్గర వారంటు అడిగావు" అంది వాల్ట్‌తో.

"ఆయన ల్యాబు అధిపతి. ఆయన అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాను?" అన్నాడు వాల్ట్. గొంతులో బలం లేదు.

ఆమె హాల్‌స్టెడ్ వైపు తిరిగింది. "ఆదివారం ఎన్నింటికి వెళ్ళారు?"

"ఐదూ ఇరవై. నా కార్డు చెబుతుంది."

"ట్రే పెట్టింది?"

"ఆరూ ఐదుకని రాసుందట."

"రికార్డరు మీద ఐదూ ఐదని ఉంది."

"ఆ యంత్రం మార్చిలో ఎప్పుడూ గంట వెనకే నడుస్తుంది."

"అవును. కాగితం చూసినవాళ్ళంతా అలా గంట కలుపుతారని మీకు తెలుసు. తలుపు తెరిచి గాలి పోయేదాకా నిలబడ్డప్పుడు కాగితం మీ కళ్ళ ముందే ఉంది. ఐదూ ఐదు అని చూశారు. చదివేవాళ్ళు కలిపే గంటకి సరిపోయేలా టేపు మీద ఆరూ ఐదు రాశారు." సంచిలోంచి శుక్రవారం ముక్కను ఆయన ముందు పెట్టింది. "ఈ ఏడాది మిర్లాండ్ ముందే తిప్పి, ఇదిగో, రాసిపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా మీ దగ్గర పనిచేస్తోంది. ఏం చేస్తోందో ఒక్కసారైనా చూడలేదు మీరు."

హాల్‌స్టెడ్ ఆ రెండు ముక్కల రాతను చాలాసేపు చదివాడు. వాల్ట్ వచ్చి ఆయన భుజం మీదుగా చూశాడు. అతని మొహంలో రక్తం ఇంకిపోవడం ఇదాలినా చూసింది. పాత గురువుకి లెక్క ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారి చెప్పక్కర్లేదు.

"దేవుడా" అన్నాడు వాల్ట్.

"ఒక్క గీత" అన్నాడు హాల్‌స్టెడ్ నెమ్మదిగా. "ఒక్క నల్ల గీత పట్టుకుని నా జీవితాన్ని చెత్తబుట్టలో వేయమంది. ఆ గీత పొరపాటు. ఈ మందు ఎంతమందిని బతికిస్తుందో మీకు తెలుసా?"

"ఒకామెను మాత్రం బతికించలేదు. లేవండి." ఇదాలినా ఒక చేత్తో ఫోన్ తీసింది. "వాల్ట్, ఆయన్ని చూస్తూ ఉండు. వార్డుకి చెప్పి మందు ఆపిస్తాను."

"శ్రమ అక్కర్లేదు" అన్నాడు హాల్‌స్టెడ్. "మీరు ఆపడానికి చూస్తున్నారని పదకొండింటికి వాల్టే చెప్పాడు. పదకొండూ యాభైకే ఇచ్చేయమన్నాను, ఈపాటికి ఇచ్చేసి ఉంటారు. రేపు ఆవిడ లేచి కూర్చుని సూప్ తాగితే మీరే సిగ్గుపడతారు."

వాల్ట్ గోడకి ఆనుకున్నాడు. "మర్యాదకి చెప్పాను ఇదా. అంతే. మర్యాదకి…"

ఇదాలినా చెవికి ఫోన్ పెట్టుకుని, ఖాళీ చేత్తో నోట్‌బుక్ చివరి పేజీ తిప్పింది. గుండ్రటి, తొందర తొందర అక్షరాలు. 'ఎనిమిది ఎలకలు. మూడో గంటకి గుండెలో గుర్తు. ఆరో గంటకి లయ తప్పింది. ఐదు పోయాయి. మిగతా మూడూ ఎందుకు బతికాయో తెలియదు, అది ముందు తేల్చాలి.' కింద రెండుసార్లు గీత గీసి: 'సోమవారం పొద్దున్నే ఆర్లీన్ గారికి నేనే చెప్పాలి.'

గోడ గడియారంలో పన్నెండూ ఐదు. వార్డులో ఆర్లీన్ గది ఫోన్‌ని నర్సు ఎత్తింది. డాక్టర్‌ని పరిగెత్తించమని, గుండె మానిటర్ పెట్టమని ఇదాలినా గబగబా చెప్పింది. నర్సు కంగారుగా ఫోన్ వదిలేసి పరిగెత్తిన చప్పుడు. ఎవరో ఆ ఫోన్ అందుకున్నారు.

"హలో, లిఫ్ట్‌లో అమ్మాయివేనా? గొంతు గుర్తుపట్టాను" అంది ఆర్లీన్ గోషియే ఉత్సాహంగా. "ముందే ఇచ్చేశారు చూడు, మింగేశాను. చేదు కూడా లేదు. గుండె ఒక్కటే కాస్త దడదడలాడుతోంది, సంతోషానికేమో. ఆ పిల్ల ఉంటే చెప్పేదాన్ని. అన్నిసార్లు అడిగింది కదా, పాపం."